మంద నిలిచిన చేను

అనంతపురం ప్రాంతపు ఎర్రనేలల్లో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అదీ సమయానికి పడదు. విత్తనం వేశాక వారాల తరబడి మొహం చాటేసి, పైరు వాడిపోయాక కుండపోతగా కురిసిన ఏళ్లు అక్కడి రైతులకు కొత్త కాదు. అలాంటి ఏడు వేరుశనగలో కాయ సరిగా ఊరదు, కట్టె మాత్రం కొంతైనా చేతికొస్తుంది. దాన్ని తినే గొర్రెలో, పాడి పశువో ఇంట ఉన్న రైతు ఆ ఏడాదిని ఎలాగో గట్టెక్కుతాడు. పంటనూ పశువునూ కలిపి నడిపే సేద్యం మెట్టలో నిలబడటానికి మొదటి కారణం ఇదే. రెండో కారణం మట్టిలో ఉంది.

వేరుశనగ మొక్కను పీకి మట్టి దులిపితే వేళ్ల మీద చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల ఎర్రగా ఉంటుంది. ఆ ఎరుపు లెగ్‌హిమోగ్లోబిన్ అనే పదార్థానిది. బుడిపెలో రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందే రూపంలోకి మారుస్తోందనడానికి అదే గుర్తు. పైసా ఖర్చు లేకుండా చేలోకి వచ్చే ఎరువు ఇది. అయితే అందులో ఎక్కువ భాగం కాయల్లోకి, ఆకుల్లోకి చేరుతుంది. వేరుశనగను మొక్కతో సహా పీకేస్తాం కాబట్టి నేలలో మిగిలేది కొంచెమే. కట్టెను లారీకెత్తి అమ్మేస్తే ఆ నత్రజని కూడా ఊరు దాటిపోతుంది. అదే కట్టెను ఇంటి పశువు తింటే, చాలావరకు చేనికి తిరిగి చేర్చుకోవచ్చు.

గొర్రె, ఆవు, గేదె పొట్టలో నాలుగు అరలుంటాయి. అన్నిటికన్నా పెద్దదైన రూమెన్‌లో లెక్కలేనన్ని సూక్ష్మజీవులు పీచును పులియబెట్టి పశువుకు శక్తినిస్తాయి. వాటికీ నత్రజని కావాలి. మేతలో మాంసకృత్తులు సుమారు 7 శాతం కన్నా తగ్గితే వాటి పని మందగిస్తుంది. అప్పుడు ఎంత మేసినా పశువు చిక్కిపోతుంది. జొన్న చొప్పలో ఉండేది 4–5 శాతమే. బాగా ఆరబెట్టిన, ఆకు రాలని వేరుశనగ కట్టెలో 10 శాతం వరకు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే ఉంటుంది. చొప్పను ముక్కలుగా నరికి కట్టెతో కలిపి వేస్తే చొప్ప కూడా బాగా అరుగుతుంది.

ఈ లెక్క విత్తనం దగ్గరే మొదలవ్వాలి. 1940లో విడుదలైన టీఎంవీ-2 రకమే దశాబ్దాలపాటు అనంతపురం చేలను ఏలింది. తర్వాత పటాన్‌చెరులోని ఇక్రిశాట్ రూపొందించిన ఐసీజీవీ 91114 రకం బెట్టను తట్టుకుని కాయనూ, కట్టెనూ ఎక్కువిచ్చింది. ఆ కట్టె మేపిన పశువుల్లో పాలు దాదాపు పదో వంతు పెరిగాయి. మెట్ట రైతుకు విత్తనం సిఫారసు చేసేటప్పుడు కాయతో పాటు కట్టెనూ తూచాలి.

పశువు తిన్న నత్రజనిలో ముప్పాతికకు పైగా పేడలో, మూత్రంలో బయటికొస్తుంది. భాస్వరం ఎక్కువగా పేడలోనూ, పొటాష్ ఎక్కువగా మూత్రంలోనూ ఉంటాయి. మనం పేడ ఎత్తి దిబ్బలో వేస్తాం, మూత్రాన్ని వదిలేస్తాం. మూత్రంలోని యూరియా త్వరగా అమ్మోనియాగా మారి ఎండకు ఆవిరైపోతుంది. పశువు తినగా మిగిలిన చొప్పను కొట్టంలో పరిస్తే అది మూత్రాన్ని పీల్చుకుంటుంది. ఆ చొప్పను పేడతో పాటు నీడలో గుంటలో వేసి, పైన మట్టి కప్పితే నష్టం బాగా తగ్గుతుంది.

చేలో మంద కట్టించడం ఇంకా మంచి పద్ధతి. గొర్రెలు రాత్రంతా పడుకున్న చోట పెంట, మూత్రం రెండూ నేరుగా నేలలో పడతాయి. మర్నాడు కాపరి మందను పక్కకు జరుపుతాడు. అలా చేనంతా తడుస్తుంది. అందుకు రైతు అతనికి ధాన్యమో, డబ్బో ఇస్తాడు. తొలకరికి దగ్గరగా మంద కట్టించి, ఆలస్యం చేయకుండా గుంటక తోలి మట్టి కప్పితే అమ్మోనియా నేలలోనే ఉండిపోతుంది. సేంద్రియ కర్బనం 0.5 శాతం కూడా లేని నేలకు ఏటా ఇలా అందితే పదును మరికొన్ని రోజులు నిలుస్తుంది. బెట్ట కాలంలో ఆ కొన్ని రోజులే పైరుకు ప్రాణం.

జాగ్రత్తలూ ఉన్నాయి. వాన లేక గిడసబారిన లేత జొన్నలో, కోసిన మోళ్ల పిలకల్లో హైడ్రోసయనిక్ ఆమ్లం పుట్టించే పదార్థం పేరుకుంటుంది. నాము అనే ఈ విషపు మేత మేసిన పశువు నిమిషాల్లో కూలిపోవచ్చు, వెంటనే పశువైద్యుణ్ణి పిలవాలి. తొలకరి లేతగడ్డి ఆబగా మేసే గొర్రెలకు చిటుక రోగం వస్తుంది, వానలకు ముందే టీకా వేయించాలి. తడిసి బూజు పట్టిన కట్టె మేపితే అఫ్లటాక్సిన్ పాలలోకీ వస్తుంది.

ఒక్క మాట మరవకూడదు. పశువు పోషకాలను పుట్టించదు, ఉన్నవాటిని తిప్పుతుంది. నత్రజనిని గాలి నుంచి తెచ్చేది వేరుశనగ, కంది, అలసంద వంటి పప్పుజాతి పైర్లే. గింజతో, పాలతో, మాంసంతో బయటికి పోయే భాస్వరాన్ని ఏదో రూపంలో మనమే తిరిగి వేయాలి. మేతకు మించి మందను పెంచితే బీడు గుల్లవుతుంది, చేనూ బాగుపడదు. కాబట్టి కోతలయ్యాక ముందు వామిని లెక్కపెట్టండి, ఆ తర్వాతే తలల సంఖ్య తేల్చుకోండి. కట్టె కొనడానికి వ్యాపారి వస్తే అతనిచ్చే ధర ఒక్కటే చూడకండి. ఆ కట్టెతో పాటు మీ నేల ఏం పోగొట్టుకుంటుందో కూడా లెక్కలో వేసుకోండి.