ఛాయాసీతయు యంత్రమానవులును

కథకుఁడు దాఁచినదానిని శ్రోత ముందుగాఁ గనుఁగొనఁ బూనుట క్రొత్తపని గాదు. శాస్త్రములందు వ్యాఖ్యాతలును, పురాణములందు భక్తులును నీ పనియే చేసిరి. నేఁడు టెలివిజను కథలను జూచువారు చేయుచున్నదియు నిదియే. దీనిని వారు ఫ్యాన్ థియరీ యందురు. ఈ వ్యాసమున ‘అభిమానుల యూహ’ యని వ్యవహరించెదను. ఊహలన్నియు సమానమైన విలువ గలవి గావు. ఏది గ్రాహ్యము, ఏది త్యాజ్యము అని నిర్ణయించుటకు వ్యాకరణశాస్త్రమునఁ గొన్ని కొలతలు గలవు. ఆ కొలతలు చాలనిచోటఁ బురాణములు మఱియొక కొలతను జూపుచున్నవి. ఈ రెంటిని సోదాహరణముగ వివరించుటయే యిందలి యుద్దేశము.

ఈ విచారమునకుఁ గారణమైన ప్రశ్న మా యింటనే పుట్టినది. మాది ములకలపల్లి, ఒకప్పుడు ఖమ్మము జిల్లాలోనిది, 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోఁ జేరినది. మొన్నటి వేసవిలో మా తమ్ముని కుమారుఁడు హైదరాబాదునుండి వచ్చి, ‘వెస్ట్‌వరల్డ్’ అను నాంగ్ల ధారావాహికను రాత్రి కొక భాగము చొప్పున నాకుఁ జూపి, తెలియనిచోట్లఁ దెలుఁగున వివరించెను. ఒకనాఁటి రాత్రి వాఁడు, “పెదనాన్నగారూ! ఆ బెర్నార్డునకుఁ గొడుకే లేఁడని తేలినది గదా! ఇఁక వాని యేడ్పు గూడ నబద్ధమే కదా?” యని యడిగెను. ముప్పది యేండ్లుగాఁ గారకములను బోధించుచున్నను, అప్పుడు నేను సమాధానము చెప్పలేకపోతిని.

కథ తెలియనివారి కొఱకు సంగ్రహముగాఁ జెప్పెదను. మైకేల్ క్రైటన్ 1973లో నీ పేరుతోనే యొక చలనచిత్రము తీసెను. దాని నాధారముగాఁ గొని జొనాథన్ నోలన్, లీసా జాయ్ దంపతులు ధారావాహికను గల్పించిరి. అది 2016 అక్టోబరు 2వ తేదీని ప్రారంభమై, నాలుగు సంపుటములలో 36 భాగములుగా నడచి, 2022లో నిలిచిపోయినది. అందు ధనవంతుల విహారమునకై నిర్మింపఁబడిన యొక విశాలమైన ప్రదేశము గలదు. అందలి నివాసులందఱును యంత్రమానవులు. వారికి ‘ఆతిథేయులు’ అని పేరు. రూపమునఁ గాని మాటలోఁ గాని మనుష్యులకంటె వేఱుగా నుండరు. వచ్చిన యతిథులు వారిని గొట్టవచ్చును, చంపవచ్చును. వారు మాత్ర మతిథులను జంపఁజాలరు. కూలిన యాతిథేయుని బాగుచేసి, జ్ఞాపకమును దుడిచి, మఱల నదే పాత్రలో నిలుపుదురు. దీని నిర్మాత రాబర్టు ఫోర్డు. వాని సహనిర్మాతయైన ఆర్నాల్డు, ఆ ప్రదేశ మతిథులకుఁ దెఱవఁబడుటకు ముందే మరణించెను. యంత్రముల బుద్ధిని దిద్దు శాఖ కధిపతి బెర్నార్డు. కొడుకు పోయిన దుఃఖము వానిని విడువదు.

ఇట్టి కల్పన మనకుఁ గ్రొత్తది గాదు. 11వ శతాబ్దిలో సోమదేవుఁడు రచించిన కథాసరిత్సాగరమున నరవాహనదత్తుఁ డొక నగరముఁ బ్రవేశించును. అందలి పౌరులందఱును గొయ్యతోఁ జేసిన యంత్రములు. ప్రాణము గలవారివలెనే సంచరింతురు. వారిని జేసిన రాజ్యధరుఁడను వడ్రంగి యొక్కఁడే యచట మనుష్యుఁడు. మాట లేకపోవుటచేత నా పౌరులు నిర్జీవులని తెలియవచ్చును. అనఁగా నచట నచేతనత్వమునకు హేతువు వాక్కు లేకపోవుట. 1950లో ఆలన్ ట్యూరింగను నాంగ్ల గణితజ్ఞుఁడు యంత్రమునకు బుద్ధి గలదా యను విచారమునఁ సంభాషణమునే పరీక్షగాఁ బెట్టెను. వెస్ట్‌వరల్డునం దీ హేతువు చెల్లదు. అచటి యంత్రములు మనకంటె నందముగా మాటలాడును. కావుననే యెవరు మనుష్యులు, ఎవరు యంత్రములను సందేహము చూచువారికిఁ గలిగి, ఊహలకుఁ దావిచ్చినది.

మొదటి సంపుటము నడచిన పది వారములలో రెండూహలు ప్రబలినవి. బెర్నార్డు మనుష్యుఁడు గాఁడు, ఆర్నాల్డు రూపమునఁ జేయఁబడిన యంత్రమనునది యొకటి. విలియమను సాధువైన యువకుఁడును, నల్లదుస్తులు దాల్చిన క్రూరుఁడైన వృద్ధుఁడును నొక్కఁడే యనునది రెండవది. రెండు కాలముల కథను నిర్మాతలు పేనవైచి యొక్క కాలమునందువలెఁ జూపిరని వారి వాదము. ఆతిథేయులకు ముసలితనము లేదు; కావున డొలోరెస్ అను యంత్రయువతి రెండు కాలములందు నొక్క రూపముననే కానవచ్చును. దానిచేతనే కాలభేదము మఱుఁగుపడినది.

దీనికి వారు చూపిన గుఱుతు లెట్టివనఁగా: విలియము వచ్చిన దృశ్యములందు ఆ సంస్థయొక్క చిహ్న మొకవిధముగాను, తక్కిన దృశ్యములందు వేఱొకవిధముగాను నున్నది. మొదటి భాగమున నేలలో నొక స్త్రీ ఛాయాచిత్రము దొరకును. అది యెవరిదో, అచటి కెట్లు వచ్చెనో చెప్పరు. ఆ చిత్రమును జూపఁగా డొలోరెస్ అందుఁ దనకేమియుఁ గానరాలేదనును; తమకుఁ జెఱుపు గలిగించు వస్తువును జూచినను జూడనట్లే యుండునట్లు ఆతిథేయుల బుద్ధి కట్టుపడియున్నది. ఏడవ భాగమున బెర్నార్డునకుఁ దన నిర్మాణపటమునే చూపఁగా వాఁడు నా మాటయే పలికెను. దానితో మొదటి యూహలో బెర్నార్డు యంత్రమను నంశము నిజమైనది. ఆ ఛాయాచిత్రము విలియము పెండ్లాడఁబోవు యువతిదని తేలినది; 2016 డిసెంబరు 4వ తేదీని వచ్చిన పదవ భాగమున రెండవ యూహయు నిజమైనది.

సరిగా నిట్టి తర్కమే మహాభాష్యమునఁ గలదు. వర్ణసమామ్నాయమునఁ బదునాలుగు సూత్రములు గలవు. మొదటిదాని చివరను, ఆఱవదాని చివరను ణకారమే యనుబంధముగా నున్నది. అందుచే ‘అణ్’ అన్నప్పు డే ణకారము వఱకుఁ గ్రహింపవలయునను సందేహము గలుగును. అర్ధమాత్ర తగ్గినను బుత్రోత్సవమువలె సంతోషించు వైయాకరణులలో నగ్రగణ్యుఁడు ఒకే వర్ణము నేల రెండు మాఱులు వాడెను? పతంజలి దానిని బొరపాటని త్రోసివేయలేదు. సందేహము గలిగినంతమాత్రమున శాస్త్రము వ్యర్థము గాదనియు, వ్యాఖ్యానముచేత విశేషము నిర్ణయించుకొనవలెననియుఁ దెలుపుట కది యాచార్యుఁడుంచిన జ్ఞాపకమని నిర్ణయించెను. జ్ఞాపకమనఁగా గ్రంథకర్త నోరు విప్పి చెప్పనిదానిని దెలుపు గుఱుతు.

ప్రతి గుఱుతును జ్ఞాపకము గాదు. దానికి మూఁడు నియమములు గలవు. ఊహ లేనిచో నా గుఱుతు వ్యర్థము గావలెను. ఊహ నంగీకరించినచోఁ దనచోటఁ దాను సార్థకము గావలెను. మఱియొకచోటను ఫలము చూపవలెను. విలియము విషయమున నీ మూఁడును గుదిరినవి. ఒక్కటే కాలమైనచో రెండు చిహ్నములు నిష్కారణములు. రెండు కాలములైనచో నవి యవశ్యములు. ఆ కాలభేదముచేతనే మంటిలోని ఛాయాచిత్రమునకును నర్థము సిద్ధించినది. ఆ ప్రదేశము భూమిపై లేదు, అంగారకగ్రహముపై నున్నదని కొంద ఱూహించిరి. ఆ యూహ లేనంతమాత్రమునఁ గథలో నేదియు వ్యర్థము గాలేదు. వలయునని కోరి తెచ్చిపెట్టినదే. 2018లో రెండవ సంపుటము అది సముద్రములోని ద్వీపమని చూపఁగా నా యూహ యడఁగిపోయినది.

ఇంతవఱకు వ్యాకరణము చాలును. కాని యీ జాతి యూహల కొక దౌర్బల్యము గలదు. ముడి వీడినతోడనే యవి ముగియును. 2015 జులై 10వ తేదీని ‘బాహుబలి’ విడుదలయైన పిమ్మటఁ గట్టప్ప బాహుబలి నేల చంపెనను ప్రశ్న తెలుఁగునాట నాబాలగోపాలమును వేధించినది. బస్సులలోను, అంగళ్లలోను, పాఠశాలలలోను దానికి సమాధానములు పుట్టినవి. 2017 ఏప్రిలు 28వ తేదీని రెండవ భాగము రాఁగా నవన్నియుఁ జల్లారినవి. బెర్నార్డు యంత్రమని తేలినచో మొదటి యూహయు నట్లే ముగిసినది. మా వాని ప్రశ్న మాత్రము ముగియలేదు. అది యచటనే మొదలైనది. ప్రతికృతి యని తేలిన తరువాత నా ప్రతికృతి గతి యేమి? దీనికి సమాధానము వెదకుటకు మేము దూరము పోనక్కఱలేదు.

భద్రాచలమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున, దుమ్ముగూడెము మండలమున, గోదావరీతీరమందుఁ బర్ణశాల గలదు. సీతాపహరణము జరిగిన తావిదియేయని యిచటివారి విశ్వాసము. అచటి వాఁగులోని ఱాళ్లమీఁది చారలను సీతమ్మ చీర లాఱవేసిన గుఱుతులని చూపుదురు. రావణుఁడు సీతను స్వయముగా నెత్తికొనిపోయెనని వాల్మీకి చెప్పెను. ఆ స్పర్శను సహింపలేని భక్తులు వేఱుమార్గములు వెదకిరి. కంబకవి, రావణుఁడు సీతను ముట్టక భూమితోఁగూడఁ బర్ణశాలనే పెల్లగించుకొనిపోయెననెను. అధ్యాత్మరామాయణము మఱింత దూరము పోయినది. రావణుఁడు భిక్షురూపమున రానున్నాఁడని ముందే యెఱిఁగిన రాముఁడు, సీతను దన ఛాయను బర్ణశాలలో నుంచి యగ్నియం దదృశ్యముగా నుండుమని యాజ్ఞాపించెను. లక్ష్మణునకు సైతము నిది తెలియదు. లంకకుఁ బోయినది ఛాయాసీత. పురాణప్రామాణ్యము నంగీకరించువారి కిది వృత్తాంతమే. సాహిత్యదృష్టితోఁ జూచువారి కిది వాల్మీకి కథపై వెలసిన మహావ్యాఖ్య.

జ్ఞాపకనియమములతోఁ బరిశీలించినను నిది యుత్తమమైన యూహ. ప్రతికృతి యను భావము వాల్మీకికి వెలితైనది గాదు. యుద్ధకాండమున ఇంద్రజిత్తు మాయాసీతను గల్పించి హనుమంతుని యెదుట వధించెను. అగ్నిప్రవేశ ఘట్టము చదువరుల హృదయములను నేఁటికిని గలఁచుచున్నది. ఈ యూహచేత నది పరీక్ష గాక, అగ్నియొద్ద దాఁచిన న్యాసమును మఱలఁ గైకొనుటయైనది. మొదట దాఁచుట, తుద మఱలఁ బొందుట, ఉపక్రమోపసంహారములు గుదిరినవి.

కాని దీనికి మూల్యము లేకపోలేదు. లంకలో నున్నది ఛాయయైనచో అశోకవనమునఁ గార్చిన కన్నీ రెవరిది? హనుమంతునిఁ గరఁగించిన శోక మెవరిది? నిజమైన సీత కేమియుఁ గాలేదని తృప్తిపడినచోఁ బదినెలలు బాధపడిన యొక ప్రాణిని మనము లెక్కనుండి తీసివేసినవార మగుదుము. అతిథులు ఆతిథేయులయెడఁ జేసినదియు నిదియే.

పురాణకర్త లీ లోపమును గుర్తించిరి. బ్రహ్మవైవర్తమునందును, దేవీభాగవతమునందును నీ కథ యగ్నిప్రవేశముతో ముగియదు. నిజమైన సీత మఱలి వచ్చినప్పుడు, ఛాయ వినయముతో రామాగ్నుల యెదుట నిలిచి, తానిఁక నేమి చేయవలయునో చెప్పుమని యడిగినది. పని తీఱిన ప్రతికృతి తన గతిని గూర్చి యడిగిన ప్రశ్న యది. వారామెను బుష్కరమునఁ దపస్సు చేయుమనిరి. ఆమెయే తరువాత ద్రౌపదిగా యజ్ఞకుండమునఁ బుట్టినది. వేంకటాచలమాహాత్మ్యమున దీనికే మఱియొక రూపము గలదు. అచట సీతకు బదులుగా లంకకుఁ బోయినది వేదవతి. ఆమె ఋణము నుంచుకొనక, కలియుగమునఁ బరిగ్రహింతునని రాముఁడు మాట యిచ్చెను. ఆమెయే యాకాశరాజుపుత్రి పద్మావతి. నారాయణవనమున జరిగినదని చెప్పఁబడు పద్మావతీశ్రీనివాసుల కల్యాణము, మాఱుగా నిలిచి బాధపడిన స్త్రీకిఁ దీర్చిన ఋణమే. తరిగొండ వెంగమాంబయు నీ వేంకటాచలమాహాత్మ్యమును దెలుఁగున రచించినది. తిరుచానూరులో నమ్మవారికి మ్రొక్కు తెలుఁగువారు, తెలిసియో తెలియకయో, ఈ సమాధానమునకే మ్రొక్కుచున్నారు.

కావున నాకుఁ దోఁచిన రెండవ కొలత యిది: ఎవరు నిజము, ఎవరు ప్రతికృతి యని తేల్చుట యూహయొక్క మొదటి మెట్టు మాత్రమే. ప్రతికృతి యనుభవించినదానిని లెక్కకుఁ దెచ్చునది యుత్తమమైన యూహ; దానిని దుడిచివేయునది, ఎంత తెలివిగలదైనను, అసంపూర్ణము.

ఇఁక మా వాని ప్రశ్న. బెర్నార్డునకుఁ గొడుకు లేఁడనుట నిజమే; ఆ దుఃఖమును ఫోర్డు వానియం దుంచెను. అయినను ఆ దుఃఖము శూన్యమునుండి పుట్టినది గాదు. కొడుకును బోఁగొట్టుకొన్న ఆర్నాల్డు దుఃఖమే బెర్నార్డునకు సంక్రమించినది. అది యట్లుండ, వ్యాకరణము చెప్పున దొకటి గలదు. ‘ఏడ్చెను’ అన్నచోఁ గర్త యొక్కఁడు. ‘ఏడ్పించెను’ అన్నచోఁ గర్తలిద్దఱు. ప్రేరేపించినవాఁడు ప్రయోజకకర్త, ప్రేరేపింపఁబడినవాఁడు ప్రయోజ్యకర్త. ప్రయోజకుఁడు వచ్చినంతమాత్రమున మూలక్రియలోఁ బ్రయోజ్యుని కర్తృత్వము పోదు. ఏడ్పించినవాఁడు ఫోర్డు, ఏడ్చినవాఁడు బెర్నార్డే.

ఈ సమాధానమును మా వానికి వ్రాసి పంపితిని. “అట్లయినచో, పెదనాన్నగారూ, వారిని జంపి నవ్విన యతిథుల సంగతి యేమి?” యని వాఁడు బదులు వ్రాసెను. రెండవ సంపుటమును జూచుటకు దసరాకు వచ్చునఁట.