వరద తగ్గిన తరువాత: యంత్రాల శుభ్రత

సూరత్ నగరానికి వరద రెండు మార్గాల్లో వస్తుంది. మొదటిది తాపీ నది. దానిపై ఉకాయ్ ఆనకట్ట 1972లో పూర్తి అయినప్పటికీ, 2006 ఆగస్టులో సుమారు 9 లక్షల క్యూసెక్కుల నీటిని దిగువకు విడువవలసి వచ్చినందున నగరంలో అధికభాగం మునిగిపోయింది. రెండవ మార్గం ఖాడీలు. ఖాడీ అనగా సముద్రపు పోటుపాటులకు లోబడి ప్రవహించే వాగు. భారీ వర్షానికి సముద్రపు పోటు తోడైతే ఖాడీ నీరు ముందుకు సాగలేక వెనుకకు ఎగదన్ని వీధులలో ప్రవేశిస్తుంది. పర్వత్ పాటియా, లింబాయత్ ప్రాంతవాసులకు ఎక్కువ పరిచితమైనది ఈ రెండవ వరదే. 2024 జూలైలోను, 2025 జూన్‌లోను వారు దానిని చవిచూశారు.

తెలంగాణ నుండి తరలివచ్చిన నేత కార్మికులు, ఒడిశా, మహారాష్ట్ర, రాజస్థాన్‌ల నుండి వచ్చినవారు, స్థానిక గుజరాతీలు సూరత్ వస్త్ర పరిశ్రమలో కలిసి జీవిస్తున్నారు. వరద తీసిన మరునాడు అందరి గుమ్మాల ముందూ ఉండేది ఒకే బురద. దానిని తొలగించడానికి పొక్లెయిన్లు, జేసీబీలు, టిప్పర్లు, బురద పంపులు వస్తాయి. వీధి శుభ్రమైన తరువాత ఆ యంత్రాలను ఎవరు శుభ్రపరుస్తారు, ఎలా శుభ్రపరుస్తారు అన్న ప్రశ్న మాత్రం సాధారణంగా ఎవరి దృష్టికీ రాదు.

బురద వల్ల యంత్రానికి కలిగే హాని రెండు విధాలు. అందులోని ఇసుక రేణువులు గొలుసులను, రోలర్లను ఆకురాయి వలె అరగదీస్తాయి. ఉప్పు తేమతో కలిసి ఇనుమును తినివేస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకిన విశాఖ వంటి సముద్రతీరాలలో, ఇసుక మేటలు తీసే యంత్రాలకు ఈ ఉప్పు బాధ మరింత అధికం. కనుక పని ముగిసిన రోజుననే, బురద ఎండి గట్టిపడకముందే, మంచినీటితో కడగడం ప్రథమ సూత్రం.

కడగడానికి ముందు ఇంజను ఆపి, చల్లారనిచ్చి, బ్యాటరీ తీగను తొలగించాలి. గొలుసుల నడుమ ఇరుక్కున్న మట్టిని పారతో తీసి, ఆ తరువాతనే నీరు పట్టాలి. బేరింగుల సీళ్లపైన, విద్యుత్ తీగల అతుకులపైన తీవ్రమైన నీటిధారను ప్రయోగించరాదు. అది మురికిని లోపలికే నెడుతుంది. రేడియేటరు రేకులు సున్నితమైనవి కనుక వాటిని తక్కువ ఒత్తిడితో, గాలి ప్రవేశించే దిశకు ఎదురుగా కడగాలి. యంత్రం ఆరిన తరువాత కీళ్లలో కొత్త గ్రీజు ఎక్కించాలి. అది పాత గ్రీజును, దానితోపాటు నీటిని బయటకు తోసివేస్తుంది. నూనె పాలవలె తెల్లబడితే అందులో నీరు చేరినట్లు గ్రహించాలి. నీట మునిగిన ఇంజనును పరీక్షించకుండా నడపడం ప్రమాదకరం. సిలిండరులో చేరిన నీరు నొక్కుకుపోదు కనుక కనెక్టింగ్ రాడ్డు వంగిపోవచ్చు.

యంత్రం కంటే విలువైనది దానిని కడిగే మనిషి ప్రాణం. దక్షిణ గుజరాత్‌లో వర్షాకాలమున లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం ప్రబలుతూ ఉంటుంది. ఎలుకలు మొదలైన జంతువుల మూత్రం కలిసిన నీటినుండి ఈ వ్యాధిక్రిములు చర్మంపై గల చిన్న గాయాల ద్వారా, కన్ను, ముక్కు, నోటి పొరల ద్వారా శరీరంలో ప్రవేశిస్తాయి. అందుచేత కార్మికునికి రబ్బరు బూట్లు, చేతితొడుగులు, కంటి అద్దాలు అలంకారాలు కావు, అత్యవసరాలు. పని తరువాత జ్వరం, కండరాల నొప్పి కనిపిస్తే ఆలస్యం చేయక, బురదలో పనిచేసిన సంగతి వైద్యునికి చెప్పాలి. ఆరంభదశలో ఈ వ్యాధికి చికిత్స సులభం.

చివరిగా, కడిగిన నీరు ఎక్కడికి పోతుందో కూడా గమనించవలసి ఉంది. నూనె, గ్రీజు కలిసిన ఆ నీటిని ఖాడీలోకి వదిలితే శుభ్రత పేరిట మరొక కాలుష్యాన్ని కల్పించినట్లవుతుంది. గట్టి నేలపై కడిగి, మట్టిని తొట్టిలో పేరుకొననిచ్చి, పైకి తేలిన నూనెను వేరుచేయాలి. ఖాడీ ఏ ఒక్క పేటదీ కాదు. ఎగువవీధి వారు వదిలినది దిగువవీధి వారి గుమ్మానికి చేరుతుంది. తదుపరి వర్షానికి యంత్రం సిద్ధంగా ఉండడమూ, ఖాడీ నీటికి దారి ఉండడమూ ఈ పలు భాషల ఇరుగుపొరుగు వారికి సమానంగా అవసరమైన విషయాలే.