పెరటికి ఏ జాతి కోడి తగును?

కోళ్లు కొనడానికి సంతకు పోయేముందు ఇంటిలో ఒక మాట తేల్చుకోవడం మంచిది. మనకు కావలసినది గుడ్లా, మాంసమా, పిల్లలా? మూడింటిలోనూ మొదటిదిగా నిలిచే జాతి లేదు.

కోలారు, ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట పల్లెలలో మన కుటుంబాలు తరతరాలుగా నాటుకోడినే నమ్ముకున్నాయి. అది ఏడాదికి పెట్టేది సుమారు 50, 60 గుడ్లే. కాని తన మేత తానే వెదుక్కుంటుంది. పొదుగుకు కూర్చుని 21 రోజులకు పిల్లలను లేపుతుంది. గద్ద నీడ పడితే రెక్కల క్రింద దాచుకుంటుంది.

ఇటలీ జాతియైన వైట్ లెగ్‌హారన్ మంచి దాణా పెడితే 250కి పైగా గుడ్లిస్తుంది. అయితే పొదగదు, దాణా తగ్గితే గుడ్డూ తగ్గుతుంది, తెల్లని ఒళ్లు గద్దకు దూరం నుంచే కనబడుతుంది. అది పెరటికంటే ఫారానికే తగినది.

ఈ రెంటికీ నడుమ బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంవారు గిరిరాజను, హైదరాబాదు రాజేంద్రనగరంలోని కోళ్ల పరిశోధనా సంస్థవారు వనరాజను, గ్రామప్రియను రూపొందించారు. మొదటి రెండూ మాంసానికీ గుడ్లకూ పనికివస్తాయి. గ్రామప్రియ ముఖ్యంగా గుడ్లకు. రంగు ఈకల కోళ్లు గనుక పెరటిలో సులభంగా శత్రువు కంటబడవు. కాని వీటిని పొదుగుకు నమ్మరాదు. తల్లి గుణం పిల్లలలో అట్లే నిలవదు. కనుక మళ్లీ మళ్లీ పిల్లలను కొనవలసిందే.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడ్డాక, జీతం మీద నడిచిన ఇళ్లలో ప్రతి రూపాయికీ లెక్క వచ్చింది. అట్టి ఇంటికి మా సలహా ఇది: నాలుగు గ్రామప్రియ పెట్టలు, వాటితో రెండు నాటుపెట్టలు. నాటుపెట్ట పిల్లలను లేపిన రాత్రి, కొన్న ఒకరోజు పిల్లలను కొన్నింటిని మెల్లగా దాని క్రింద చేర్చండి. చాలా పెట్టలు వాటినీ తమవిగానే సాకుతాయి. దీపం ఖర్చు మిగులుతుంది.

ఏ జాతియైనా కొక్కెర తెగులు సోకితే గూడు ఖాళీ అవుతుంది. మొదటి వారంలో కంటి చుక్కలు, ఎనిమిదవ వారంలో సూది మందు పశువైద్యునిచేత వేయించడం మరువరాదు. రాగులు, నూకలు, ఆకుకూరలతోపాటు గుల్ల పొడి కూడా పెట్టండి. లేకుంటే గుడ్డు పెంకు పలచబడుతుంది. గనుల లైన్లలో ఉండేవారు సయనైడు దిబ్బల వైపు మాత్రం కోళ్లను వదలరాదు.

చోటు కొద్దిగా ఉంటే ఆరుకు మించి వద్దు. ఆరు బాగా పెరిగితే పిల్లల పళ్లెంలో గుడ్డు తప్పకుండా ఉంటుంది.