వార్తల్లో పదం: రూల్ ఆధారిత యాక్సెస్ కంట్రోల్

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ నిబంధనలను కేంద్రం 2025 నవంబరులో నోటిఫై చేశాక ‘యాక్సెస్ కంట్రోల్’ అనే మాట తరచూ వినిపిస్తోంది. ఏ సమాచారాన్ని ఎవరు చూడొచ్చు, ఎవరు మార్చొచ్చు అన్నది సాఫ్ట్‌వేర్ తేల్చే పద్ధతి ఇది. ముందే రాసిపెట్టిన షరతులను బట్టి తేల్చితే అది రూల్ ఆధారితం.

గోదావరిఖనిలో ఒక గని మస్టర్ (హాజరు పట్టీ) కంప్యూటర్‌లో ఉందనుకుందాం. క్లర్కుకు హోదా ఉన్నంత మాత్రాన అన్నీ తెరుచుకోవు. ఆ కార్మికుడు ఈ గనివాడేనా? షిఫ్టు ఇంకా నడుస్తోందా? వృత్తి శిక్షణ పూర్తయిందా? వైద్య పరీక్ష గడువు మిగిలి ఉందా? అన్నిటికీ ‘అవును’ వస్తేనే హాజరు పడుతుంది. ఏ రూలూ వర్తించని చోట జవాబు ‘కుదరదు’ అనే ఉండాలి.

తనిఖీ ఎక్కడ పెట్టారన్నదే కీలకం. తెరపై బటన్ దాచేస్తే చాలదు. పేస్లిప్ లింకులో ఉద్యోగి నంబరు ఒక్క అంకె మార్చగానే పక్కవారి జీతం, పీఎఫ్ కోతలు కనిపిస్తే, సర్వర్ అడగాల్సిన ప్రశ్న అడగలేదన్నమాట. ప్రతి అభ్యర్థననూ సర్వరే పరీక్షించాలి. వెబ్ భద్రతా సంస్థ ఓవాస్ప్ 2021 ముప్పుల జాబితాలో మొదటి స్థానం ఈ తరహా లోపాలదే.

సింగరేణి బొగ్గు గనుల కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. మెడికల్ అన్‌ఫిట్, డిపెండెంట్ ఉద్యోగం వంటివి రికార్డుల మీదే ఆధారపడతాయి. ఎవరు ఎప్పుడు తెరిచారో తెలిపే లాగ్‌లను కనీసం ఏడాది ఉంచాలని కొత్త నిబంధనలు చెబుతున్నాయి. ఈ భద్రతా నిబంధనల అమలుకు నోటిఫై చేసిన నాటి నుంచి 18 నెలల గడువు ఇచ్చారు. రక్షణ చర్యల్లో విఫలమైతే జరిమానా రూ.250 కోట్ల దాకా ఉండొచ్చు.