బండి స్టార్ట్ కాలేదంటే పంపు పోయినట్టేనా?

పొద్దున ఒక్క సెల్ఫ్‌కే అందుకున్న ట్రాక్టరు, మిట్టమధ్యాహ్నం కాసేపు ఆపి మళ్ళీ తాళం తిప్పితే మొరాయిస్తుంది. బ్యాటరీలో లోపం లేదు, ట్యాంకులో డీజిల్‌కు కొదవ లేదు. గంటసేపు నీడన ఉంచితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. చెయ్యి తిరిగిన మెకానిక్ అప్పుడు ఓ తడిగుడ్డ తెచ్చి డీజిల్ పంపు మీద కప్పుతాడు. చల్లబడ్డాక ఇంజను అందుకుందంటే పంపు అరిగిందన్న అనుమానం బలపడినట్టే.

రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపిన ఇంజనుకు ఈ పంపు లేదు. అధిక పీడనంలో ఉన్న గాలితో ఇంధనాన్ని సిలిండర్లోకి ఊదేవారు. దానికో కంప్రెసర్ కావాలి. ఓడకైతే సరే, లారీ ఆ బరువు మోయలేదు. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో రాబర్ట్ బాష్ కంపెనీ 1922లో ఈ చిక్కు మీద కూర్చుని, 1927లో పంపుల తయారీ మొదలుపెట్టింది. 1936కల్లా మెర్సిడెస్ 260 డి కారులోకీ డీజిల్ ఇంజను వచ్చేసింది. మన దగ్గర 1951లో పుట్టిన మైకో కంపెనీ ఈ పంపులకు పెట్టింది పేరుగా ఉండేది.

పంపు గుండెకాయ ‘ఎలిమెంట్’. అంటే ఒక బ్యారల్, అందులో పైకీ కిందికీ ఆడే ప్లంజరు. వరస (ఇన్‌లైన్) పంపులో ప్లంజరు ఎంత ఎత్తు లేస్తుందన్నది మారదు. దాని ఒంటి మీద ఏటవాలు గాడి ఉంటుంది. యాక్సిలరేటరు తొక్కితే ప్లంజరు కొద్దిగా తిరుగుతుంది, గాడి బ్యారల్ గోడలోని రంధ్రాన్ని తాకే క్షణం మారుతుంది, డీజిల్ కొలత మారుతుంది. ఇక బ్యారల్‌కీ ప్లంజరుకీ మధ్య సందు రెండు నుంచి నాలుగు మైక్రాన్లే. తలవెంట్రుక మందం సుమారు డెబ్భై మైక్రాన్లు ఉంటుంది! రబ్బరు సీలేమీ లేదు. ఆ బిగువే సీలు. అందుకే ఒక బ్యారల్‌లోని ప్లంజరును మరోదాంట్లో వెయ్యకూడదు.

నాసిరకం ఫిల్టరు దాటొచ్చిన ధూళి, డీజిల్‌లో చేరిన నీళ్ళు, కల్తీ కిరోసిన్ ఆ సందును పెంచుతాయి. సెల్ఫ్ కొట్టేటప్పుడు ప్లంజరు నెమ్మదిగా కదులుతుంది కనుక డీజిల్ వెనక్కి జారిపోవడానికి తీరిక దొరుకుతుంది. వేడికి పలచబడితే మరీ. వేగం అందుకున్నాక ఆ తీరిక ఉండదు. అరిగిన పంపు రోడ్డు మీద బాగానే లాగుతూ, స్టార్టింగులో ఏడిపించడానికి కారణం ఇదే.

ఇంజను మిస్సవుతుంటే స్లోలో, సిలిండర్లోకి డీజిల్ చిమ్మే ఒక్కో నాజిల్ పైపు నట్టు వదులు చేసి చూస్తారు. శబ్దం మారని సిలిండరే పని చెయ్యనిది. దాని నాజిల్‌ను పక్క సిలిండరుకు మార్చినప్పుడు జబ్బు కూడా అటు పోతే తప్పు నాజిల్‌ది. అక్కడే ఉండిపోతే ఎలిమెంటునో కంప్రెషన్‌నో అనుమానించాలి. నాజిల్ చిమ్మే ధారకు మాత్రం చెయ్యి అడ్డం పెట్టకండి. చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

అసలు తీర్పు టెస్ట్ బెంచ్‌దే. నిర్ణీత వేగంలో పంపును తిప్పి, ఒక్కో లైను పోసిన నూనెను గాజు గొట్టాల్లో కొలుస్తారు. స్లో దగ్గరి రీడింగు మరీ ముఖ్యం. పోసేదే తక్కువ కాబట్టి, అక్కడ కొద్ది తేడాకే ఇంజను వణుకుతుంది.

కాబట్టి ముందు ఫిల్టరు మార్చండి, లైన్లో ఎయిర్ తీయించండి, నాజిళ్ళు చూపించండి. అప్పటికీ పంపు విప్పక తప్పకపోతే, సర్దుబాటు స్క్రూకు వేసిన సీలు తెంచి దాన్ని తిప్పేసే చోటికి కాక బెంచ్ ఉన్న చోటికే తీసుకెళ్ళండి. రీడింగుల కాగితం అడిగి మరీ తీసుకోండి.