గవ్వలు మన మాట వింటాయా?

ఇలా రండర్రా, ఆ గవ్వలు ఓసారి నా చేతికివ్వండి. ఇందాకట్నుంచీ మీ అష్టాచెమ్మా చూస్తూ కూర్చున్నాను. బుజ్జిగాడు చెమ్మా కావాలనుకున్నప్పుడల్లా గవ్వల్ని దోసిట్లో గలగలలాడించి, ‘ఉఫ్’ అని ఊది, నేలకేసి విసురుతున్నాడు. చిట్టికి ఒక్కటి పడితే చాలు కాయ పండిపోతుంది కాబట్టి, చప్పుడు కాకుండా మెల్లగా జారవిడుస్తోంది. గవ్వలకి చెవుల్లేవని మీ ఇద్దరికీ తెలుసు. అయినా చెయ్యి ఊరుకోదు.

పెద్దవాళ్ళూ ఇంతే. అమెరికాలో సెయింట్ లూయిస్ అనే ఊళ్ళో టాక్సీ డ్రైవర్లు ఖాళీ దొరికితే పాచికలాడేవారు. జేమ్స్ హెన్‌స్లిన్ అనే ఆయన వాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళు చేసేవన్నీ చూసి, 1967లో ఓ వ్యాసం రాశాడు. చిన్న అంకె కావాలంటే మెల్లగా వేసేవారట, పెద్ద అంకె కావాలంటే విసిరికొట్టేవారట. అచ్చం మీలాగే! ఎక్కడి సెయింట్ లూయిస్, ఎక్కడి మన అరుగు! నాకైతే ఆ సంగతి చదివినప్పుడు భలే ముచ్చటేసింది.

తర్వాత 1975లో ఎలెన్ లాంగర్ అనే ఆవిడ ఇంకో చక్కని పరీక్ష చేసింది. ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకి ఒక్కో డాలరుకి లాటరీ టిక్కెట్లు అమ్మించింది. కొందరికి టిక్కెట్టు చేతిలో పెట్టేశారు, కొందర్ని మాత్రం నచ్చింది ఏరుకోమన్నారు. లాటరీ తీసే రోజు దగ్గరపడ్డాక, ‘నీ టిక్కెట్టు నాకమ్ముతావా, ఎంతకిస్తావు?’ అని అడిగారు. చేతిలో పెట్టించుకున్నవాళ్ళు సగటున రెండు డాలర్లకి అటూ ఇటూగా చెప్పారు. ఏరుకున్నవాళ్ళో? ఎనిమిదిన్నర డాలర్లు దాటి చెప్పారు! కాగితం అదే, గెలిచే అవకాశమూ అదే. ‘నేను ఏరుకున్నాను’ అన్న ఒక్క భావం దాని ధరని నాలుగింతలు చేసేసింది.

సరే, ఇప్పుడు ఓ రూపాయి బిళ్ళ ఎగరేద్దాం. వరసగా అయిదుసార్లు బొమ్మే పడిందనుకోండి. ఆరోసారి ఏం పడుతుంది? చూశావా, చిట్టి అప్పుడే ‘బొరుసు’ అనేసింది! కానీ బిళ్ళకి లెక్క గుర్తుండదమ్మా, ఆరోసారీ సగం సగమే. 1913 ఆగస్టులో మాంటీ కార్లో జూదశాలలో తిరిగే చక్రం మీద బంతి వరసగా 26 సార్లు నలుపులోనే ఆగింది. ‘ఇంక ఎరుపు రాకపోతుందా’ అని జనం ఎగబడి ఎరుపు మీద కాశారు. వాళ్ళ డబ్బంతా జూదశాల గల్లాపెట్టెలోకి పోయింది.

ఇదంతా పొరపాటు లెక్క. పొరపాటు చేసిన ప్రతివాడూ కొంప ముంచుకోడు కదా, మరి కొందరు ఎందుకు మునుగుతారు? దానికి పావురాల కథ చెప్పాలి. హార్వర్డ్‌లో బి.ఎఫ్. స్కిన్నర్ అనే పెద్దాయన ఉండేవాడు. పావురాన్ని ఓ పెట్టెలో పెట్టి, గోడకి చిన్న బిళ్ళ అమర్చాడు. దాన్ని పొడిస్తే గింజలు పడతాయి. పొడిచినప్పుడల్లా గింజలు పెట్టి అలవాటు చేసి, ఉన్నట్టుండి ఆపేస్తే పావురం కాసేపు చూసి మానేసేది. కానీ ఒకప్పుడు నాలుగు పొడుపులకి, ఒకప్పుడు నలభై పొడుపులకి, లెక్క తెలియకుండా గింజలు పడేలా చేస్తే? అప్పుడది ఊపిరి తిప్పుకోకుండా పొడిచేది. గింజలు పూర్తిగా ఆపేసినా, వేలసార్లు పొడుస్తూనే ఉండేది. 1957లో ఫెర్‌స్టర్‌తో కలిసి ఆ లెక్కలన్నీ లావుపాటి పుస్తకంగా వేశాడు. జూదం యంత్రం మనిషిని పట్టేదీ ఇలాగేనని ఆయనే అన్నాడు.

‘పావురానికి తెలివి తక్కువ కాబట్టి’ అనకురా బుజ్జీ. చెరువు గట్టున గాలం వేసుక్కూర్చున్నవాడు పది నిమిషాలకే లేచిపోతే వాడింట్లో పులుసు ఉడకదు. దొరికీ దొరకని చోట ఓపిక పట్టడం బతుకు నేర్పిన తెలివే. ఆ తెలివినే జూదం పట్టుకుంటుంది. అందుకే నాకు జూదరిని తెలివితక్కువవాడు అంటే ఒప్పబుద్ధి కాదు.

పేక ముక్కల దగ్గర కూర్చున్నవాళ్ళ మాటలు విన్నారా ఎప్పుడైనా? ‘అబ్బ, ఒక్క జోకరు పడుంటే షో కొట్టేవాణ్ణి!’ ఒక్క ముక్కలో పోయినా పోవడమే, పది ముక్కల్లో పోయినా పోవడమే. కానీ మనసు అలా అనుకోదు. కేంబ్రిడ్జిలో ల్యూక్ క్లార్క్ బృందం కొందర్ని స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి, రెండు చక్రాల జూదం ఆడించి 2009లో ఆ సంగతి బయటపెట్టింది. బొమ్మ ఒక్క గడి పక్కన ఆగిపోయినప్పుడు, వాళ్ళు ‘ఛీ, బాగాలేదు’ అన్నారు. ‘మళ్ళీ ఆడాలనుంది’ అని కూడా అన్నారు, అదీ బొమ్మని తామే ఎంచుకున్నప్పుడు మరీను. ఆ క్షణంలో మెదడు చూస్తే, గెలిచినప్పుడు వెలిగే చోటే వెలిగింది. చేతిలో డబ్బు పోతోంది, లోపల మాత్రం గెలుపు గంట మోగుతోంది.

రమ్మీలో నైపుణ్యం ఉంది కదా అంటారు. ఉంది, కాదనను. సికింద్రాబాదులోని ఓ క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1960లలోనే ఆ మాట చెప్పింది, పడ్డ ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి కాబట్టి అది ఒట్టి అదృష్టం కాదని. నైపుణ్యం కాస్త ఉన్నచోటే ‘ఈసారి నా చేతుల్లో ఉంది’ అన్న భ్రమ మరింత గట్టిగా అతుక్కుంటుంది. ఆ పేకాట ఫోనులోకి వచ్చి పక్క మీదకి, పొలం గట్టు మీదకి చేరాక ఎన్ని ఇళ్ళు గుల్లయ్యాయో పేపర్లో చదువుతూనే ఉన్నాం. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలని నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం చేసింది. మంచిదే. కానీ చట్టం ఆటని ఆపుతుంది గానీ, లోపల పుట్టిన కోరికని ఆపలేదు.

ఆ కోరిక ఎక్కడ పుడుతుందో చెప్పే ముచ్చట ఒకటుంది, శ్రద్ధగా వినండి. చేతులు వణికే పార్కిన్సన్స్ జబ్బుకి డోపమైన్ అనే మెదడు రసాయనం చేసే పనిని చేసే మందులిస్తారు. 2005లో అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టర్లు పదకొండుమంది రోగుల సంగతి రాశారు. ఆ మందులు వేసుకుంటుండగా వాళ్ళకి జూదం పిచ్చి పట్టింది. మందు తగ్గించో మానిపించో చూస్తే, ఆ తర్వాత వివరాలు అందినవాళ్ళలో ఆ పిచ్చి దిగిపోయింది. బుద్ధి మంచిది కాకపోతే మాత్ర మార్చగానే మారుతుందా చెప్పండి? కోతుల మీద పరీక్షలు చేసిన వోల్ఫ్రామ్ షుల్ట్జ్ బృందం 2003లో ఇంకో మాట చెప్పింది. పళ్ళరసం తప్పకుండా వస్తుందన్నప్పుడు గానీ, రాదని తేలిపోయినప్పుడు గానీ కాదు, వస్తుందో రాదో సగం సగం అన్నప్పుడే ఎదురుచూసినంతసేపూ ఆ డోపమైన్ కణాలు బాగా చురుగ్గా ఉంటాయని.

ధర్మరాజుకి ధర్మం తెలియదా? రాజ్యం పోయింది, తమ్ముళ్ళు పోయారు, తనూ పోయాడు, ద్రౌపదినీ ఒడ్డాడు. అన్నీ తిరిగొచ్చాక మళ్ళీ పిలిస్తే మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు! పోయినదాన్ని ఆటలోనే రాబట్టాలని వెంటపడడమే ఈ జబ్బుకి వెన్నెముక అని హెన్రీ లెసూర్ 1977లో ఓ పుస్తకమే రాశాడు. అమెరికా మనోవైద్యులు 1980లో దీన్ని జబ్బుల పట్టికలో చేర్చారు. 2013లో మద్యం, మత్తుమందుల వ్యసనాల పక్కనే కూర్చోబెట్టారు. ఇంట్లో అబద్ధాలాడడం, అప్పులు తీర్చమని మరొకరి మీద పడడం కూడా ఆ పట్టికలో లక్షణాలే. అందుకే, ‘ఈ ఒక్కసారికి అప్పు తీర్చేస్తే మారిపోతాడు’ అని నగలు తాకట్టు పెట్టే తల్లుల్ని చూస్తే నా ప్రాణం విలవిల్లాడుతుంది.

మరి వైద్యం ఏమిటంటారా? ఒకప్పుడు కరెంటు షాకులిచ్చేవారు! సిడ్నీలో మెకొనకీ, బ్లాస్జిన్స్కీ మొదలైనవాళ్ళు 1983లో రెండు పద్ధతుల్ని పోటీ పెట్టి చూశారు. ఒక జట్టుకి జూదం మాటలు చదివించి వేళ్ళకి షాకిచ్చారు. రెండో జట్టుని హాయిగా ఒళ్ళు వదులు చేసి కూర్చోమని, కళ్ళు మూసుకుని ఊహించుకోమన్నారు: జూదం చోటికి వెళ్ళావు, ఆడాలనిపించింది, అయినా ఆడకుండా బయటికొచ్చేశావు. షాకుల జట్టుకన్నా ఊహల జట్టే బాగుపడింది. ఎంత చక్కని సంగతో చూడండి! నెమ్మదించిన మనసు నేర్చుకున్నంతగా దెబ్బలు తిన్న మనసు నేర్చుకోలేదు.

కెనడాలో రాబర్ట్ లాదుసూర్ ఇంకో దారి పట్టాడు. ఆడేటప్పుడు మనసులో ఏమనిపిస్తే అది పైకి అనమన్నాడు. ‘ఈ యంత్రం చాలాసేపట్నుంచి ఇవ్వలేదు, ఇంక ఇస్తుంది’, ‘ఇవాళ నా చెయ్యి బాగుంది’... వచ్చిన మాటల్లో ఎక్కువ భాగం మన చిట్టి బొరుసు లెక్కలే! ఒక్కొక్క మాటనీ పట్టుకుని, ‘నిజంగా అంతేనా, చూద్దాం రా’ అని ఓపిగ్గా విడదీయడమే ఆయన వైద్యం. అక్కడి కాల్గరీలోనే డేవిడ్ హాడ్జిన్స్ 2001లో ఇంకా తేలికది చూపించాడు. ఇంట్లో చదువుకుని రాసుకునే చిన్న పుస్తకంతోపాటు, తిట్టకుండా, ‘నువ్వేం కావాలనుకుంటున్నావు?’ అని అడిగే ఒక్క ఫోను సంభాషణ కలిపితే చాలు, ఆ రెండూ అందినవాళ్ళు ఒట్టి పుస్తకం అందుకున్నవాళ్ళకన్నా మెరుగయ్యారు.

అమెరికాలో వెండీ స్లట్స్కీ పెద్ద సర్వేల్లో ఒకప్పుడు ఈ జబ్బు ఉన్నవాళ్ళని చూసింది. వాళ్ళలో మూడోవంతుకి పైగా సర్వేకి ముందు ఏడాదంతా ఏ ఇబ్బందీ లేకుండా ఉన్నారు. వైద్యం కోసం వెళ్ళినవాళ్ళు మాత్రం పదిమందిలో ఒక్కరు! అంటే బాగుపడినవాళ్ళలో చాలామంది తమంతట తామే గట్టెక్కారన్నమాట. మిగతావాళ్ళకి చెయ్యి కావాలి.

ఏమిటి చిట్టీ, మీ వీధిలో అన్నయ్య రాత్రిళ్ళు ఫోను పట్టుకుని కూర్చుంటున్నాడా? వాళ్ళమ్మగారికి ఈ నంబరు రాసివ్వు: 14416. టెలీ మానస్ అంటారు, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో పెట్టింది. తెలుగులో మాట్లాడతారు, రాత్రి ఎంతకి చేసినా ఎత్తుతారు, డబ్బులడగరు. మొదట అన్నయ్యే చెయ్యక్కర్లేదు, ఆవిడ చేసినా చాలు.