టీకా కార్డు ఎక్కడుంది?

జూలై వచ్చిందంటే, అమెరికా ప్రయాణం పెట్టుకున్న పిల్లల ఇళ్లలో బీరువాలు తిరగేస్తుంటారు. వీసా చేతికొచ్చింది, టికెట్ కొన్నారు. ఎప్పుడో ఏఎన్‌ఎం రాసిచ్చిన టీకా కార్డు మాత్రం కనిపించదు. ‘చిన్నప్పుడు అన్నీ వేయించాంరా’ అంటుంది అమ్మ. యూనివర్సిటీ తేదీలతో సహా కాగితం కావాలంటుంది.

అలా అడగడమే న్యాయం. టెక్సస్ చట్టం చూడండి. జేమీ షాన్‌బామ్ అనే విద్యార్థినికి ఆస్టిన్‌లో చదువుతుండగా 2008లో మెనింజైటిస్ వచ్చి కాళ్లు, చేతివేళ్లు పోయాయి. 2009లో ఆమె పేరుతోనే చట్టం తెచ్చి, కాలేజీ హాస్టళ్లలో ఉండేవారికి టీకా తప్పనిసరి చేశారు. 2011లో టెక్సస్ ఎ అండ్ ఎం విద్యార్థి నికోలిస్ విలియమ్స్ అదే జబ్బుతో చనిపోయాడు. అతనుండేది క్యాంపస్ బయట. దాంతో బయట ఉండేవారినీ చట్టంలోకి తెచ్చి, అతని పేరూ చేర్చారు. ఇప్పుడక్కడ 22 ఏళ్లలోపు వాళ్లు కొత్తగా చేరాలంటే, తరగతులకు కనీసం పది రోజుల ముందే ఆ టీకా పడి ఉండాలి. జ్వరం, తలనొప్పి, మెడ పట్టేయడంతో మొదలై గంటల్లోనే ప్రాణం మీదికి తెచ్చే జబ్బు అది. ఒకే గదిలో పడుకుని, ఒకే సీసాలో నీళ్లు తాగే వయసు వాళ్లకు ముప్పు ఎక్కువ.

మన పిల్లలకు అసలు చిక్కు గవదబిళ్లల దగ్గర వస్తుంది. 2017 ఆగస్టులో రెండు తెలుగు రాష్ట్రాల బడుల్లో వేసినది తట్టు, రుబెల్లాల టీకా. అందులో గవదబిళ్లలకు మందు లేదు. అమెరికాలో అడిగేది మూడింటికీ కలిపిన ఎంఎంఆర్. అది రెండు డోసులు, మధ్య కనీసం 28 రోజుల ఎడం. ఆగస్టు విమానానికి జూలై చివర్లో మొదలుపెడితే రెండో డోసుకు సమయం చాలదు. ఫిలడెల్ఫియాలోని టెంపుల్ యూనివర్సిటీలో 2019లో గవదబిళ్లలు వంద మందికి పైగా సోకాక, కొత్తగా చేరేవారికి అక్కడా ఈ టీకా తప్పనిసరి చేశారు.

యూనివర్సిటీలు అడిగే క్షయ పరీక్ష సంగతీ చెప్పాలి. బీసీజీ పడినవాళ్లకు చర్మపరీక్ష తప్పుగా పాజిటివ్ చూపించవచ్చు, కాబట్టి రక్తపరీక్షే మేలు. ఎంఎంఆర్ వేయించుకున్న రోజే రక్తం ఇవ్వాలి, లేదంటే కనీసం నాలుగు వారాలు ఆగాలి.

‘నా ఒంటికి నా ఇష్టం’ అనేవాళ్ల మాట కొట్టిపారేయను. కానీ క్యాన్సర్ మందులు వాడుతూ ఎంఎంఆర్ వేయించుకోలేని విద్యార్థి పక్కగదిలోనే ఉండొచ్చు. అతనికి రక్షణ చుట్టూ ఉన్నవాళ్ల టీకాలే. అందుకే టీకా వేయించుకోకుండానే వేయించుకున్నట్టు డాక్టరుతో సంతకం పెట్టించుకోవడం నా దృష్టిలో ద్రోహం.

ఇక్కడి హాస్టళ్లలో చేరేటప్పుడు కులం, ఆదాయం సర్టిఫికెట్లు అడుగుతాం. టీకా చీటీ కూడా అడగాలి. లేనివాళ్లకు అదే వారంలో, హాస్టల్లోనే, ప్రభుత్వ ఖర్చుతో ఎంఎంఆర్ వేయాలి.